జర్మను చలనచిత్రములలో యుద్ధపీడితుడు

మొదటి ప్రపంచయుద్ధమనగా చెన్నపట్టణమునకు ఎమ్డెన్ నౌకయే. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఆ జర్మను యుద్ధనౌక రేవు చెంతకు వచ్చి ఫిరంగులు పేల్చగా చమురు తొట్లు అంటుకొని మండినవి. జనులు బెదరి పట్టణము విడిచి లోపలి యూళ్ళకు తరలిపోయిరి. నౌక వెడలిపోయెను, కొంతకాలమునకు భయమును తీరెను. ఎమ్డెన్ అను పేరు మాత్రము అరవవారి వాడుకలో ఆరితేరిన గట్టివానికి బిరుదమై నిలిచినది. వారి నడుమ నివసించు మన తెలుగువారికిని అది క్రొత్త మాట కాదు. కాని ఆ నౌకను పంపిన దేశమునకు యుద్ధము ఒక్క రాత్రితో తీరిపోయినది కాదు. అది అచటి మనుష్యుల మనస్సులలో ఎట్లు మిగిలినదో, ఆ మిగిలినదానిని వారి చలనచిత్రములు ఎట్లు చూపినవో ఇచట కొంత ముచ్చటింప దలచినాము.

జర్మనీ ఆ యుద్ధమున సుమారు 1 కోటి 30 లక్షల మందిని సైన్యమున చేర్చెను. వారిలో 20 లక్షల మంది మరణించిరి. తిరిగి వచ్చినవారిలో కాలో చేయో పోయినవానిని చూచి లోకము జాలిపడెను. ఒడలిపై ఏ గాయమును కానరాక, ఆకు వలె వణకుచు, మాట పడిపోయి, నిలువలేక కూలువానిని ఏమనవలయునో ఎవరికిని తోచలేదు. జనులు వారికి ‘యుద్ధపు వణుకుగాండ్రు’ అని పేరిడిరి. సైనిక వైద్యశాఖ లెక్కలలో నాడీసంబంధమైన వ్యాధుల చికిత్సలు 6 లక్షలకు పైబడినవి.

ఈ వింత గాయమును గూర్చి వైద్యులలోనే పెద్ద వివాదము చెలరేగెను. గుండ్లు పేలునప్పటి అదటు నాడీమండలమునే దెబ్బతీయునని బెర్లిను వైద్యుడు హెర్మాన్ ఓపెన్‌హైమ్ వాదించెను. 1916 సెప్టెంబరులో మ్యూనికు నగరమున కూడిన వైద్యులలో అధికసంఖ్యాకులు ఆ వాదమును త్రోసివేసిరి. లోపము నాడులలో లేదు, సంకల్పబలములో ఉన్నది. మరల పోరునకు పోవలసివచ్చునను భయమును, పింఛనుపై ఆశయు రోగికే తెలియకుండ వ్యాధిరూపము దాల్చుచున్నవని వారి నిర్ణయము. ఇందు సర్కారుకు గల లాభమును వేరుగ చెప్ప బనిలేదు. యుద్ధము గాయపరచినదన్నచో పింఛను ఈయవలెను. మనస్సు పిరికిదన్నచో ఈయ నక్కరలేదు. 1926లో జర్మను భీమా కార్యాలయము ఇట్టి వ్యాధులకు పరిహారము లేదని నిర్ణయించి ఆ లెక్కను ముగించెను.

ఇక చికిత్స మాట. ఫ్రిట్జ్ కౌఫ్‌మన్ అను వైద్యుడు రోగి దేహమున తీవ్రమైన విద్యుత్తు ప్రసరింపజేయుచు, సైన్యపు గొంతుతో ఆజ్ఞలు కేకలిడుచు, ఒక్క విడతలోనే వణుకు కుదిర్చెదననెడివాడు. హాంబర్గు నగరమున మాక్స్ నోన్నె అను నాడీవైద్యుడు విద్యుత్తు లేకయే వశీకరణ నిద్రతో ఆ పని సాధించెను. అంతటితో ఊరకొనక తన చికిత్సను చలనచిత్రముగ తీయించెను. ఆ మూకచిత్రమున సైనికుడు వణకుచు నిలుచును, వైద్యుని చేయి తాకును, సైనికుడు నిటారుగ నిలుచును. ఒకని సంకల్పము మరియొకని దేహమును నడపగలదని యిది ప్రత్యక్షముగ చూపినది. దీనిని వైద్యమని మెచ్చుకొనవచ్చును. చూచుచున్నకొలదిని మాకు మాత్రము వేరొక ప్రశ్న పుట్టును: నిలువుమన్న చేయి నరుకుమన్నచో ఏమగును?

1920 ఫిబ్రవరి 26వ తేదీన బెర్లినులో తొలిసారి ప్రదర్శింపబడిన ఒక చిత్రము ఈ ప్రశ్ననే కథగా అల్లినది. దానిని తెలుగున ‘డాక్టర్ కాలిగరి వింతల గది’ అనవచ్చును. దర్శకుడు రోబర్ట్ వీనె. కథకులు హాన్స్ యానోవిట్జ్, కార్ల్ మేయర్. మన తిరునాళ్ళలో గుడారము వేసి వింతలు చూపువారివలె, కాలిగరి అను ముసలివాడు ఒక ఊరి సంతకు వచ్చును. అనుమతి కొరకు పోగా నగరోద్యోగి ఒకడు అతనిని నిలువబెట్టి అవమానించును. ఆ రాత్రియే ఆ యుద్యోగి హతుడగును. కాలిగరి చూపు వింత ఏమన, శవపేటికవంటి పెట్టెలో 23 ఏండ్లుగా నిద్రించుచున్న చెజారె అను యువకుడు. వాడు కాలిగరి పిలిచినపుడు మాత్రమే కన్నులు తెరచును, భవిష్యత్తు చెప్పును. నాకెంత ఆయువు కలదని అలన్ అను యువకుడు వేడుకకు అడుగగా, తెల్లవారువరకని జవాబు వచ్చును. తెల్లవారకమునుపే అలన్ చచ్చును. పగలు పెట్టెలో పండుకొనువాడు రాత్రి యజమాని యాజ్ఞతో కత్తి పట్టి గోడవెంట నడచుచుండును. అతడు వాకిట లేనపుడు పెట్టెలో అతని పోలిక బొమ్మ పరుండి లోకమును మోసగించును. తుదకు మిత్రుడైన ఫ్రాన్సిస్ కాలిగరిని వెంటాడి ఒక పిచ్చాసుపత్రికి చేరి, ఆ ఆసుపత్రి పెద్దవైద్యుడే కాలిగరి అని కనుగొని నివ్వెరపోవును.

ఈ చిత్రమున ఇండ్లు ఒరగియుండును, కిటికీలు వంకరగ నుండును. నీడలను సహితము గుడ్డపై రంగులతో చిత్రించిరి. ఆ వింత అందమును గూర్చి కళావిమర్శకులు ఎంతయో వ్రాసిరి, మేము దానిని వదలివేయుదుము. మాకు ముఖ్యమైనది కథకుల చరిత్ర. యానోవిట్జ్ యుద్ధమున సైనికాధికారిగ పనిచేసినవాడు. మేయరును సైన్యపు మనోవైద్యులు పలుమారులు పరీక్షించి వేధించిరని యానోవిట్జ్ చెప్పియుండెను. నోన్నెను చూచియే కాలిగరిని సృష్టించిరని మేము చెప్పజాలము. ఐనను వైద్యుడు, వశీకరణము, ఆజ్ఞ, ఒరుల కొరకు కదలు దేహము అను నాలుగును ఒక్కచోట కూడుట కాకతాళీయమనుటయు కష్టమే. ఆంటన్ కేస్ అను చరిత్రకారుడు 2009లో వెలువడిన గ్రంథమున ఆ కాలపు జర్మను చిత్రములనేకమును యుద్ధాఘాతపు గుర్తులుగ చదివి చూపెను. అదే 1920లో వియన్నాలో సైనికులకు విద్యుచ్చికిత్స చేయించిన ప్రఖ్యాత వైద్యుడు వాగ్నర్-యౌరెగ్‌పై విచారణ జరిగెను. ఫ్రాయిడు నిపుణుడుగ అభిప్రాయమొసగెను. వైద్యుడు నిర్దోషి యనబడెను.

చిత్రమున ఒక ఘట్టము మా మనస్సును వదలదు. జేన్ అను యువతిని చంపుమని పంపగా చెజారె ఆమె పడక చెంతకు పోవును, కత్తి ఎత్తును. ఎత్తిన చేయి అట్లే నిలిచిపోవును. చంపలేక ఆమెను ఎత్తుకొని పరుగిడి, జనులు తరుమగా వదలివేసి, కూలి ప్రాణము విడుచును. 23 ఏండ్ల నిద్రలోనున్నవాడును ఒక్క క్షణము తనవాడయ్యెను. ఆ క్షణము గలదు కనుకనే అతనిని కేవలము కత్తి పిడి అనుకొని క్షమించుటకు వీలులేదు. ఆ క్షణము తెచ్చుకొనుటకే ప్రాణము పోయినది కనుక నిందించుటకును మనసు రాదు.

తెరపై కథ ఇట్లుండగా, వీధులలో అంతకన్న కఠినమైన కథ నడచినది. ఓడిన సైన్యమునుండి విడివడిన అధికారులు కొందరు ఎర్‌హార్ట్ అను నౌకాదళ నాయకుని క్రింద ‘కాన్సుల్ సంఘము’ అను రహస్యకూటమి కట్టిరి. 1921 ఆగస్టు 26న యుద్ధవిరమణ పత్రముపై సంతకము చేసిన ఎర్ట్స్‌బెర్గరును షుల్ట్స్, టిల్లెసెన్ అను మాజీ అధికారులు అడవిదారిలో కాల్చి చంపిరి. 1922 జూను 24న విదేశాంగమంత్రి వాల్టర్ రాతెనౌ తన మోటారులో కార్యాలయమునకు పోవుచుండగా మరియొక మోటారు దాటివచ్చి తుపాకి పేల్చి, చేతిబాంబు విసరి పోయెను. కాల్చినవాడు కెర్న్, బాంబు వేసినవాడు ఫిషర్. ఇరువురు నొక పాడు కోటలో దాగి జూలైలో మరణించిరి. మోటారు నడపినవాడు ఎర్న్‌స్ట్ టెఖోవ్, 21 ఏండ్ల యువకుడు. వాడు న్యాయస్థానమున చెప్పుకొనినదేమన, నేను ఒల్లనంటిని, కెర్న్ చంపెదనని బెదరించెను, చేయక తప్పినది కాదని. మరణశిక్ష తప్పి 15 ఏండ్ల ఖైదు విధింపబడెను, 1930లోనే విడుదలయ్యెను. ఈ హంతకులందరు వణుకురోగులని మేము చెప్పము. అట్లనుట నిజమైన రోగులకు అన్యాయము. ఆజ్ఞను మోసినవాడు తనకు చేయి తప్ప మరేమియు లేదని చెప్పుకొనుట ఇచట పుట్టినదని మాత్రము చూపుచున్నాము.

కాలిగరి చిత్రమునకు ఆద్యంతముల ఒక చట్రము కలదు. కథ చెప్పిన ఫ్రాన్సిసే పిచ్చివాడనియు, పెద్దవైద్యుడు దయామయుడనియు తుదిని తెలియును. వ్రాసినవారి యిచ్ఛకు విరుద్ధముగ ఇది చేర్పబడినదనియు, అధికారమును దోషిగ నిలిపిన కథ దానివలన అధికారమునకు దాసోహమనినదనియు జీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ 1947లో వెలువడిన గ్రంథమున వాదించెను. కాలిగరినుండి హిట్లరు వరకు బాట వేసిన ఆ గ్రంథము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఐతే అతడు యానోవిట్జ్ మాటనే ఆధారము చేసికొనెను. కాలిగరి వేషధారి వెర్నర్ క్రౌస్ వద్ద మిగిలిన మూల రచనలో వేరొక చట్రము ఉండనే యున్నది; అందు ఫ్రాన్సిస్ మిత్రులకు కథ చెప్పుకొనును. కనుక క్రాకవర్ వాదము కొంత సడలవలసినదే. చూపరికి మిగులు అనుభవము మాత్రము ఒక్కటియే: నేరము చూచి చెప్పినవానికి కట్లు పడుచున్నవి.

ఫ్రిట్జ్ లాంగ్ చేసిన ‘డాక్టర్ మబూజె’ చిత్రములలోను వశీకరణమే ఆయుధము. 1933లో తయారైన రెండవ మబూజె చిత్రమున, పిచ్చాసుపత్రిలో బందీయైన నేరగాడు వ్రాసిన విధ్వంస ప్రణాళికలను ఆ యాసుపత్రి వైద్యుడే ఆవేశమునకు లోనై నడపించును. పని దొరకని మాజీ ఖైదీ ఒకడు ఆ ముఠాలో చిక్కి విడిపించుకొనజూచును. ఆ యేటి మార్చి నెలలో నాజీ ప్రభుత్వము దానిని నిషేధించెను.

నటుల జాతకములు కూడ చెప్పదగినవి. చెజారె వేషము కట్టిన కోన్రాడ్ ఫైట్ 1933లో యూదురాలైన భార్యతో జర్మనీ విడిచిపోయెను. హాలీవుడ్డున నాజీ అధికారి వేషములు ధరించి 1943లో అచటనే మరణించెను. కాలిగరియైన క్రౌస్ స్వదేశముననే నిలిచి, 1940లో యూదుల నవమానించుటకై తీసిన ‘యూద్ స్యూస్’ చిత్రమున పలు వేషములు వేసెను. ఆ చిత్రముననే చిన్న వేషము వేసిన ఒక నటుడు వోల్ఫ్‌గాంగ్ స్టౌటె.

యుద్ధము మరల వచ్చి, మరల ఓడి, బెర్లిను ఇటుకలకుప్పయైన పిమ్మట, 1946 అక్టోబరు 15న ప్రదర్శింపబడిన ‘హంతకులు మనలోనే యున్నారు’ అను చిత్రమునకు ఈ స్టౌటెయే దర్శకుడు. యుద్ధానంతరము వెలువడిన తొలి జర్మను చిత్రమిది. డాక్టర్ మెర్టెన్స్ అను యుద్ధమునుండి వచ్చిన శస్త్రవైద్యుడు నెత్తురు చూడలేడు, సారాయి వదలడు. 1942 క్రిస్మసు నాటి సంజవేళ పోలండున, బ్రూక్నర్ అను కాప్టెన్ ఆజ్ఞపై నూరుమందికి పైగా నిరపరాధులు చంపబడుట అతడు చూచెను, ఆపగోరెను, ఆపలేకపోయెను. ఇప్పుడా బ్రూక్నర్ సైనికుల ఉక్కు టోపీలను వంటపాత్రలుగ మార్చు కార్మికశాలను నడుపుచు, పెండ్లాముబిడ్డలతో సుఖముగ నున్నాడు. ఇచట పెట్టెలో నిద్రించువాడు లేడు. ఆజ్ఞ యిచ్చినవాడే హాయిగ నిద్రించుచున్నాడు, ఆజ్ఞ విన్నవానికి నిద్ర లేదు.

మొదట వ్రాసిన కథలో మెర్టెన్స్ బ్రూక్నరును చంపివేయును. సోవియటు అధికారులు దాని కొప్పుకొనలేదు. వీధులలో ఎవరి పగ వారు తీర్చుకొన మొదలిడుదురని వెరచిరి. కావున చిత్రమున సూసన్ అను యువతి, నిర్బంధ శిబిరమునుండి తిరిగివచ్చినది, వచ్చి అతని చేతి నాపును. తీర్పు చెప్పుట మన పని కాదు, నేరము మోపుటయే మన పని యని వారు నిశ్చయించుకొందురు. తుది దృశ్యమున కటకటాల వెనుకనుండి బ్రూక్నర్ నేను నిర్దోషినని అరచుచుండును. అతని కేకపై చనిపోయినవారి రూపములు, వారి సమాధుల సిలువలు తెరనిండ పరచుకొనుచుండును.