డెట్రాయిట్‌కు డబ్బొచ్చింది

2021 జూన్ చివర. డెట్రాయిట్ నగర కౌన్సిల్ సమావేశం జూమ్‌లో నడుస్తోంది. ముందున్న పద్దు 82.67 కోట్ల డాలర్లు. మార్చి 11న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన కొవిడ్ ఉద్దీపన చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం ఇస్తున్న గ్రాంటు అది. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. వద్దనేవాళ్లెవరు? పేచీ అంతా ఎక్కడ ఖర్చు పెట్టాలన్న దగ్గరే.

మాట్లాడదామని ఫోన్ పట్టుకుని వంతు కోసం చూస్తోంది ఒక పెద్దావిడ. ఆవిడకు పేరు పెట్టడం లేదు. ఆ ఊళ్లో అలాంటివాళ్లు ఎందరో, అందరి తరఫునా ఇక్కడ ఆవిడొక్కతి. నగరపాలక సంస్థలో పనిచేసి రిటైరైంది. 2013లో దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో ఊరు దివాలా తీసినప్పుడు ఆవిడ పింఛనులో 4.5 శాతం కోసేశారు. 1950లో 18 లక్షలు దాటిన జనాభా, 2020 లెక్కలకు 6,39,111కి పడిపోయింది. ఆవిడ మాత్రం కదల్లేదు. వాన పడితే పడగ్గది కారుతుంది.

"ఏమడుగుతావమ్మా?" అన్నాడు కొడుకు.

"ఇంటి కప్పు."

"బతిమాలుకోవాలా?"

"బతిమాలడమేంట్రా! నా దగ్గర ఎక్కువ గుంజుకున్న పన్ను ఎంత?"

ఆ మాటకు ఆధారం ఉంది. 2010 నుంచి 2016 దాకా ఇళ్ల విలువ పెంచి చూపి, కనీసం 60 కోట్ల డాలర్ల పన్ను అదనంగా వేశారని డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో తేల్చింది.

అప్పటి మేయర్ మైక్ డగ్గన్ లెక్క వేరు. వచ్చినదాంట్లో 40 కోట్లు బడ్జెట్ లోటుకు, మిగతా 42 కోట్ల పైచిలుకు బస్తీలకు, పార్కులకు, ఉపాధి శిక్షణకు, ఇళ్లకు. సగం సర్కారీ ఖజానాకేనా అని జనానికి ఒళ్లు మండింది.

కానీ ఆ లోటు దొంగలెక్క కాదు. కొవిడ్‌కు ఊళ్లోని మూడు కాసినోలూ 2020లో నెలల తరబడి మూతపడ్డాయి, వాటి పన్ను ఆగింది. రెండో దెబ్బ మనవాళ్లకు బాగా తెలిసినదే. శివారు నుంచి డెట్రాయిట్ ఆఫీసుకొచ్చే ఉద్యోగి జీతంలో 1.2 శాతం నగరానికి కట్టాలి. నోవై, ట్రాయ్ లాంటి శివారు ఊళ్లలో ఇంట్లోనే కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే ఆ రోజుల పన్ను కట్టక్కర్లేదు. అక్కడ మన తెలుగు ఐటీ ఉద్యోగులు ఎంతమందో! వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకు హాయి, నగర ఖజానాకు చిల్లు. ఆ 40 కోట్లు పూడ్చకపోతే మళ్లీ ఉద్యోగాల కోత తప్పేది కాదు. ఈ విషయంలో నా ఓటు మేయర్‌కే.

కౌన్సిల్ ఆమోదించింది. ఆకులు రాలే కాలానికి 'రెన్యూ డెట్రాయిట్' పథకం ప్రకటించారు: 3 కోట్ల డాలర్లతో ఇళ్లకు కొత్త కప్పుల్లాంటి మరమ్మతులు. 62 ఏళ్లు నిండినవారికి, వికలాంగులకు. అయితే ఇక్కడో మెలిక. పేదలకిచ్చే ఆస్తిపన్ను మినహాయింపు ముందే పొంది ఉండాలి. కాగితాలు పట్టుకుని తిరగలేనివాళ్లకు కప్పూ దక్కదు. నిజంగా పేదవాడెవడో తేల్చడానికి ఇంతకన్నా సులువైన దారి ఉండొచ్చు, గుమాస్తా బుర్రకు తోచదు.

పథకం తర్వాత పెరిగింది. కానీ మొదట కేటాయించిన 3 కోట్లు, వచ్చిన మొత్తంలో నాలుగు శాతానికి తక్కువ. నేను తప్పుపట్టేది అక్కడే: ఖజానా చిల్లు పూడ్చడం సబబే, ఇంటి కప్పులకు వచ్చేసరికి చెయ్యి మరీ బిగించారు. చట్టం పెట్టిన గడువులు రెండు. ఏ పనికి ఎంతో తేల్చి 2024 డిసెంబరు 31 లోగా ఒప్పందాలు చేసుకోవాలన్నది మొదటిది, 2026 డిసెంబరు 31 లోగా ఖర్చు పెట్టాలన్నది రెండోది. మిగిలిన డాలరు వాషింగ్టన్‌కు తిరిగి పంపాల్సిందే.