తిరువల్లిక్కేణి సహకార భాండారము

చెన్నపురి మధ్యతరగతి గృహస్థునకు నెలవెచ్చములే పెద్ద పద్దు. అంగడిలో అరువు నిలిచియున్నంత కాలము వర్తకుడు చెప్పినదే ధర, తూచినదే తూకము. ఈ బంధమును త్రెంచుటకై 1904వ సంవత్సరమున తిరువల్లిక్కేణిలో కొందరు విద్యావంతులు పట్టణ సహకార సంఘమును స్థాపించిరి. వారిలో వి. యస్. శ్రీనివాసశాస్త్రిగారొకరు. ఆయన ప్రధానోపాధ్యాయులుగా నుండిన హిందూ ఉన్నత పాఠశాల, పూర్వము తెలుగు బాలుర బడియు తమిళ బాలుర బడియు కలియగా నేర్పడినదే. ఈ సంగతి మనవారిలో నెందరెరుగుదురు?

సంఘమునకు మేలుబంతి ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాండ్రు. 1844 డిసెంబరు 21వ తేదీన వారు పిండి, వెన్న, పంచదార వంటి నాలుగైదు సరకులతో అంగడి తెరచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, మిగిలిన లాభము కొనుగోలును బట్టి కొన్నవారికే. 1863లో ఆంగ్ల సంఘములు కలిసి టోకు సంఘమును నెలకొల్పినవి. అది 1873లో క్రంప్సాలున బిస్కత్తులను, లీసెస్టరున పాదరక్షలను స్వయముగా చేయింప నారంభించినది.

పేరుమోసిన ముద్రకు మనమిచ్చు అధిక మూల్యములో సరకు వెల కొంతయే. తక్కినది నమ్మకమునకును, ప్రకటనలకును చెల్లు సుంకము. ఆ నమ్మకము తమ భాండారమునందే దొరకినచో సభ్యునకీ సుంకమేల? సంచిపై పేరు లేనంతమాత్రమున కందిపప్పు ఉడుకకుండునా! అట్లని భాండారపు సరకెల్ల మేలైనదనరాదు. సభ్యులు మహాసభకు రాక, నాణ్యమును విచారింపక యూరకున్నచో అదియు మరియొక అంగడియే యగును.

1904 నాటి చట్టము పరపతి సంఘములకే యుద్దేశింపబడినది. ఇతర సంఘములకు 1912 చట్టము చోటు కల్పించినది. తిరువల్లిక్కేణి సంఘము నేడు కామధేను పేర బజారులను నడుపుచున్నది.