గోదావరి డెల్టాలో రేడియోధార్మిక పదార్థాల రవాణా

గోదావరి డెల్టాలో అణువిద్యుత్ కేంద్రం లేదు. రియాక్టరులో వాడేసిన ఇంధనం ఈ దారుల్లో నడవదు. ఇక్కడి రోడ్ల మీద తిరిగే రేడియోధార్మిక పదార్థాల్లో ఒకటి చమురు, గ్యాస్ బావుల పని కోసం వచ్చేది. వాడుకలో దాన్ని ‘సోర్సు’ అంటారు. పని అయిపోయాక పక్కన పెడితే అదే రేడియోధార్మిక వ్యర్థం. దాన్ని ఎవరు మోయాలి, ఎవరికి చెప్పి మోయాలి అన్న విషయంలో ప్రభుత్వం, చమురు సంస్థలు, పోలీసులు, గ్రామాల మధ్య ఏర్పాట్లు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చాలావరకు ఏదో ఒక ప్రమాదం జరిగాకే వచ్చాయి.

సోర్సు చేసే పని

కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్వకాలకు రాజమహేంద్రవరం కేంద్రం. బావి తవ్వాక ఏ పొరలో గ్యాస్ ఉందో తేల్చడానికి ‘లాగింగ్’ చేస్తారు. కేబుల్‌కు తగిలించిన పొడవాటి పరికరాన్ని బావిలోకి దించుతారు. అందులోని సీజియం-137 గామా కిరణాలు వదులుతుంది; రాతికి తగిలి వెనక్కొచ్చిన కిరణాల లెక్కను బట్టి ఆ పొర సాంద్రత తెలుస్తుంది. అమెరీషియం–బెరీలియం సోర్సు న్యూట్రాన్లు వదులుతుంది; దానివల్ల హైడ్రోజన్ జాడ చిక్కుతుంది. సోర్సు చూడ్డానికి చిన్న లోహపు గొట్టం, బరువంతా దాని చుట్టూ ఉండే కవచానిదే. సీజియం తీవ్రత సగానికి తగ్గడానికి 30 ఏళ్లు, అమెరీషియంకు 432 ఏళ్లు పడుతుంది.

బావులు కోనసీమ తోటల్లో, నరసాపురం వైపు, కొల్లేటి దిగువన చెదిరి ఉన్నాయి. సోర్సు ఒకచోట స్థిరంగా ఉండదు. రాజమహేంద్రవరం నుంచి బావి తవ్వే రిగ్గు దగ్గరికి, రిగ్గు నుంచి మళ్లీ వెనక్కి, కాలువ గట్ల రోడ్ల మీద లారీలో ప్రయాణిస్తుంది.

చట్టాలు

అణుశక్తి చట్టం 1962లో వచ్చింది. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) 1983లో ఏర్పడింది. రేడియోధార్మిక వ్యర్థాల సురక్షిత విసర్జన నియమాలు 1987లో, రేడియేషన్ రక్షణ నియమాలు 2004లో వచ్చాయి. వీటి ప్రకారం లైసెన్సు ఉన్న సంస్థ ఒక రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ను నియమించుకోవాలి. సోర్సు పోతే 24 గంటల్లోగా అధికారులకు తెలపాలి. పని అయిపోయిన సోర్సును పారేయకూడదు: విదేశం నుంచి తెచ్చినదైతే అమ్మినవారికే తిప్పి పంపాలి, లేదా దేశంలో అనుమతి ఉన్న కేంద్రానికి చేర్చాలి.

ఇదంతా ముంబయిలోని ఏఈఆర్‌బీకీ లైసెన్సుదారుకూ మధ్య జరిగే వ్యవహారం. స్థానికులకు చోటు కల్పించినది వేరే చట్టం. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత వచ్చిన నియమాల వరుసలో 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాలు జిల్లాకో సంక్షోభ బృందాన్ని, పారిశ్రామిక ప్రాంతానికో స్థానిక బృందాన్ని ఏర్పరిచాయి. జిల్లా బృందానికి కలెక్టరే అధ్యక్షుడు. స్థానిక బృందంలో ఫైర్ ఆఫీసర్, పోలీసు అధికారి, ప్రమాదకర రసాయనాలు రవాణా చేసేవారు, డాక్టర్లు, స్థానిక పత్రిక సంపాదకుడు, సర్పంచి కూర్చోవాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి కూర్పు దొరకదు. అయితే ఈ బృందాలు రసాయనాల కోసం పుట్టినవి. ప్రమాదకర వ్యర్థాల నియమాలు కూడా రేడియోధార్మిక వ్యర్థాలను అణుశక్తి చట్టానికి వదిలి పక్కకు తప్పుకున్నాయి.

పాశర్లపూడి, నగరం

డెల్టా జనానికి ప్రమాదకర సరుకు అంటే మొదట గ్యాసే గుర్తొస్తుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగి, అదుపు తప్పి ఎగజిమ్మిన గ్యాస్ అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. బావుల నుంచి గ్యాస్‌ను మోసే పైపులైన్లకు 1962 నాటి మరో చట్టం వర్తిస్తుంది. భూమి రైతుదే, వాడుకునే హక్కు సంస్థది. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు; పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పైపు మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి తోటలో చెట్టు నాటకూడదంటే ఆ పట్టీ మీద ఆదాయం పోయినట్టే. రైతు దగ్గర సంతకం తీసుకునే రోజున మాత్రమే అతనితో మాట్లాడే పద్ధతి ఇక్కడే స్థిరపడింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలోకి నీరు చేరిన గ్యాస్ రావడంతో లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అంతకుముందు లీకుల గురించి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని గ్రామస్థులు వాపోయారు. ఏ ఇంజనీరు కన్నా ముందు వాసన పసిగట్టినవాళ్లు వాళ్లే. సోర్సుకు ఆ వాసన కూడా ఉండదు.

2019 ఘటన

2019 జనవరిలో రాజమహేంద్రవరం ఓఎన్‌జీసీకి చెందిన సీజియం-137 కంటైనర్ కనిపించకుండా పోయింది. చివరికి అది అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో, పాత ఇనుప సామాను కొట్టులో దొరికింది. అది చేతికి చిక్కినవాడికి అందులో కనిపించేది బరువే, బరువుకు ధర ఉంది. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగినది ఇలాంటిదే: విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత యంత్రంలోని కోబాల్ట్-60 తుక్కు దుకాణాలకు చేరి, ఒక కార్మికుడి ప్రాణం తీసింది. బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో నలుగురి మరణానికి కారణమైనది సీజియం-137.

అందువల్ల సోర్సు రవాణాలో భాగస్వాములంటే సంస్థ, పోలీసు మాత్రమే కాదు. పాత ఇనుము కొనేవాడు కూడా. మూడు రెక్కల రేడియేషన్ గుర్తును గుర్తుపట్టాల్సింది మొదట అతనే. ఏ బృందంలోనూ అతనికి కుర్చీ లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఒకే ప్రయాణం పలు జిల్లాల పాలైంది. రాజమహేంద్రవరం తూర్పు గోదావరిలో ఉంది, కోనసీమ బావులు అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో, నరసాపురం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో, కలిదిండి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. రాజమహేంద్రవరం నుంచి ఈ జిల్లాల్లోని బావికి బయలుదేరిన లారీ కనీసం ఇద్దరు కలెక్టర్ల పరిధిలో ప్రయాణిస్తుంది.