బాలిద్వీపపు వెదురు వాద్యములు

వెదురనగానే మనకు వేణువు స్ఫురించును. బాలిద్వీపమున వెదురు ఊదుటకే కాదు, కొట్టి వాయించుటకును తగినది. అచ్చట శవదహన సంస్కారములందు మ్రోగు ‘గంబాంగ్’ మిక్కిలి ప్రాచీనము. నేడు చెప్పబోవునది పడమటనున్న జెంబ్రాన సీమలోని ‘జెగోగ్’. దీనిని 1912 ప్రాంతమున కియాంగ్ గెలిదు అనునతడు కల్పించెనందురు. కంచు వాద్యములకు ధనము కావలెను. వెదురు పల్లెవానికి దొరకును. అయితే అది కంచువలె నిలువదు, పగులును.

ఇందు పెద్ద గొట్టములు ఇంచుమించు 3 మీటర్ల నిడివి గలవి. వాయించువారు వాద్యముపైకెక్కి కూర్చుండి బరువైన కొడుపులతో మ్రోయింతురు. స్వరములు నాలుగే! మన విద్వాంసులు నవ్వుదురేమో, తొందరపడవలదు. ఒకడు విడిచిన సందున వేరొకడు కొట్టుటచే, ఇరువురి వాద్యము ఒక్కని అతివేగ వాద్యమువలె వినవచ్చును. మంద్రనాదము చెవికంటె ముందు ఱొమ్మును తాకును.

‘మెబారుంగ్’ అను పోటీలో రెండు మేళములు ఎదురెదురుగా నిలిచి ఏకకాలమున వేర్వేరు గతులు వాయించును. ఎదుటివారి హోరులో తమ లయ తప్పినవారు ఓడినట్లే. కోలాహలమున ఎవరి పాట తేటగా వినబడునో వారిదే గెలుపు. అది తేల్చువారు చుట్టునున్న శ్రోతలే.