సంతకం ఒకరిది, కోత అందరిది

గోదావరి లంకల్లో ఇసుకకో మట్టికో తవ్వకం మాట వచ్చిందంటే ఊరు రెండు ముక్కలవుతుంది. చూసినవాళ్లు దీన్ని డబ్బుకు ఆశపడ్డవాళ్లకూ నేలను నమ్ముకున్నవాళ్లకూ మధ్య పోరుగా చెప్పి ఊరుకుంటారు. అందులో నిజం కొంతే. లంక మీద హక్కును సర్కారు తరతరాలుగా ఒకరి పేర కాగితం మీద రాస్తూ వచ్చింది. లంక మీద బతుకు మాత్రం ఎప్పుడూ పదిమందిది. పంటలు పండినంతకాలం ఈ తేడాను కౌలుతోనో, పాలుతోనో, మాట మీదో సర్దుకున్నారు. తవ్వాక సర్దుకోవడానికి నేలే ఉండదు. అన్నదమ్ముల తగువులైనా, పేటల మధ్య పంతాలైనా ఇక్కడే పుడుతున్నాయని నా వాదన.

లంక స్వభావం వల్లే ఈ చిక్కు వచ్చింది. ఏరు ఒకచోట కోసి ఇంకోచోట మేట వేస్తుంది. నిన్నటి ఇసుక తిన్నె నాలుగు వరదలకు ఒండ్రు పట్టి పొలమవుతుంది, ఇంకో వరదకు మాయమవుతుంది. 1847-52 మధ్య కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు కూడా నది మధ్యలోని లంకలను ఆసరా చేసుకుని నాలుగు ముక్కలుగా కట్టాడు. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం నదుల అడుగునేల సర్కారుదని తేల్చింది. లంకలను కౌళ్లకూ వేలానికీ ఇచ్చారు. ఆ నేలలో పండిన పొగాకుకు ఎంత పేరంటే, 1890లో వచ్చిన నవలలో షెర్లాక్ హోమ్స్ అంతటివాడు కూడా లంక చుట్ట కాల్చే హంతకుడి ప్రస్తావన తెస్తాడు. వేలంపాట పాడినవాడికి చుట్టల వ్యాపారం; విత్తి, నాటి, ఆకు కోసినవాళ్లకు కూలి. తర్వాత మద్రాసు ప్రభుత్వం దళిత వ్యవసాయ కూలీల సహకార సంఘాలకు లంకలు కౌలుకిచ్చింది. మంచి పనే. అయితే అప్పుడు కూడా హక్కు పట్టికలో పేరున్నవాళ్లదైంది తప్ప లంక మీద పశువులు మేపుకునేవాళ్లదీ, రేవులో వలలు వేసేవాళ్లదీ కాలేదు.

ఇప్పుడు తవ్వకం సంగతి. లంక ఒడ్డును నిలువుగా చూస్తే పైన రెండు మూడు నిలువుల నల్లటి ఒండ్రు, దాని కింద ఇసుక. పైమట్టి ఇటుక బట్టీలకు కావాలి, ఇసుక ఇళ్లకు కావాలి. ఒడ్డు పక్కన లోతుగా తవ్వితే పాయ ఒరవడి అటు తిరుగుతుంది. వరద వచ్చేటప్పుడు కంటే తీసేటప్పుడే ప్రమాదం ఎక్కువ: నానిన ఒండ్రు బరువెక్కుతుంది, అడుగున ఇసుక నీళ్లతోపాటు జారిపోతుంది, కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఏట్లోకి ఒరుగుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా ప్రవహించిన నది ఇది. ఒకడు తన పొలం మెరక తీయిస్తున్నానని సంతకం పెడితే ఆ కోత వాడి గట్టు దగ్గర ఆగదు, పక్కవాడి అరటితోట దాకా వస్తుంది. కాగితం మాత్రం మొదటివాడి సమ్మతే అడుగుతుంది. ఇంటి లోపలా ఇదే వరస. పాసుపుస్తకం పెద్దన్న పేర ఉంటుంది. పట్నంలో స్థిరపడ్డ తమ్ముడికి రొక్కం కావాలి. లంకలో గేదెలు పెట్టుకుని ఉన్న తమ్ముడికి నేల కావాలి. హిందూ వారసత్వ చట్టానికి 1986లో రాష్ట్రం చేసిన సవరణతో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది, కానీ తవ్వకం ఒప్పందం దగ్గర వాళ్లను అడిగేవారెవరు? కౌలుదారు సంగతి మరీ అన్యాయం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా యజమాని ఒప్పుకోవాలి, అదీ పదకొండు నెలలకే. పొలమే బట్టీకి పోతుంటే ఆ కార్డు దేనికి?

ఇది మన ఒక్కరి జాడ్యమేమీ కాదు. పసిఫిక్‌లోని బోగెన్‌విల్ దీవిలో పాంగునా రాగి గని 1972లో పని మొదలుపెట్టింది. అక్కడ చాలా వంశాల్లో భూమి తల్లి వైపు నుంచి, వంశమంతటికీ ఉమ్మడిగా వస్తుంది. గని సొమ్ము మాత్రం రికార్డుల్లో పేరున్న పెద్దల చేతికి వెళ్లింది. పంపకం బాగాలేదన్న కుర్రతరం 1987లో వేరే సంఘం పెట్టుకుంది. మేనమామలూ మేనల్లుళ్లూ ఎదురెదురయ్యారు. 1989లో గని మూతపడింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి అంతర్యుద్ధం. గోదావరిని దానితో పోల్చడం అతిగా అనిపించవచ్చు, పరిమాణంలో అతే. పేరు ఒకరిది, నష్టం ఉమ్మడిది అన్న మూలం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఇసుక ఏటా వరదతో మళ్లీ వస్తుంది కదా, గొడవేమిటి అంటారు కొందరు. ఒకప్పుడు బాగానే వచ్చేది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో వేసిన లెక్క ప్రకారం గోదావరి నీటిలో కొట్టుకొచ్చే మట్టి 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నులుంటే 1990లకు 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువ జలాశయాలే అందుకు ముఖ్య కారణమన్నారు. 1976-2000 మధ్య డెల్టా తీరం 18 చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రంలో కలిసింది. రాబడి సగానికన్నా తగ్గిపోయాక పాత ఖర్చు సాగదు. ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది: ఇసుక మీద బతికే పేదల మాటేమిటి? రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో పడవ కూలీ ఏటి అడుగున పాతిన గెడ పట్టుకుని మునిగి, ఇనుప బకెట్ నింపి పైకి పంపే పని తేలికైంది కాదు. ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన పేరుకున్న మేటను అలా తీయడం నదికీ మేలే. దాన్నీ, లంక ఒడ్డును యంత్రాలతో కొరకడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. మన విధానాలు ఈ తేడాను సరిగా పట్టించుకోలేదు. 2014లో మహిళా సంఘాలకు, 2016లో ఉచితం, 2019లో ఖనిజాభివృద్ధి సంస్థకు, 2021లో ప్రైవేటు కంపెనీకి, 2024లో మళ్లీ ఉచితం: పదేళ్లలో ఇసుక ఎవరి చేతుల మీదుగా వెళ్లాలన్నది అయిదుసార్లు మారింది. ఏ లంక పక్కన తవ్వాలో లంకవాళ్లను అడగాలన్న నిబంధన మాత్రం వాటిలో దేనికీ కేంద్రం కాలేదు.

అడ్డం చెప్పినవాడికి ఏమవుతుందో 2020 జూలైలో సీతానగరం మండలంలో చూశాం. ఇసుక లారీలను అడ్డుకున్న దళిత యువకుడికి పోలీస్ స్టేషన్‌లో గుండు గీశారు. అడగడానికి ఊరికి చట్టబద్ధమైన చోటు లేనప్పుడు మనిషి రోడ్డు మీద ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది. ఎగువన పోలవరం ఏజెన్సీలో ఆ చోటు కాగితం మీదైనా ఉంది. 1996 నాటి పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు తప్పనిసరి. అదే నది ఏజెన్సీ దాటి డెల్టాలోకి దిగగానే ఆ హక్కు పోతుంది; డెల్టా గ్రామసభలకూ అది ఉండాలి. గ్రామసభల్ని పెద్ద కులాలూ పెద్ద కమతాలూ చేతుల్లో పెట్టుకుంటాయని భయపడేవాళ్లున్నారు, ఆ భయంలో న్యాయముంది. అందుకే సభలో పట్టాదార్లతోపాటు కౌలుదార్లు, కూలీలు, పశువుల కాపర్లు, జాలర్లు, పడవ కార్మికులు, పాసుపుస్తకంలో పేరులేని ఆడపడుచులు కూడా ఓటు వేసేలా చట్టం రాయాలి. చీలిక దాంతో పోదు. కనీసం అది వాకిట్లో కాక సభలో తేలుతుంది. లంక గ్రామాలకు ఈ సమ్మతి హక్కును శాసనసభ చట్టంగా ఇవ్వాలి, వచ్చే ఇసుక విధానం రాసేముందే.