బండి కందెన నుండి బ్రేకు ద్రవము వరకు

కడప జిల్లాలో ఎద్దులబండి ఉన్న ఇంట ఒకప్పుడు కందెన ఉండి తీరేది. కాల్చిన గడ్డి మసిని ఆముదములో కలిపి నూరి, ఆ జిడ్డును ఇరుసుకు పూసేవారు. ప్రొద్దుటూరు నూనె మిల్లులకు వేరుసెనగ తోలిన బండ్లు ఆ కందెన మీదనే నడిచినవి. కడపలో కొంతకాలము నివసించిన సి.పి. బ్రౌన్ దొర, 1852లో వెలువడిన తన నిఘంటువులో ఈ మాటకు చోటిచ్చినాడు. నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో తిరిగే మోటారు సైకిళ్ళకు కందెనతో పని లేదు. కాని వాటి బ్రేకులలోని ద్రవము పుట్టుకలో ఆముదమునకు పెద్ద పాత్ర ఉన్నది.

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమానముగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చూపినాడు. అతని గ్రంథము మరణానంతరము 1663లో అచ్చయినది. ఈ సూత్రముతో 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా నీటి ఒత్తిడి యంత్రమును నిర్మించినాడు. మోటారు సైకిలు బ్రేకులో జరిగేదీ ఇదే. ఉదాహరణకు, పిడివద్ద ఉన్న ముషలకము వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు, చక్రమువద్ద ఉన్న దాని వైశాల్యము 8 చదరపు సెంటీమీటర్లు అయితే, వ్రేళ్ళతో కలిగించిన బలము అక్కడ ఎనిమిది రెట్లవుతుంది.

సూత్రము సులభమే. ద్రవము కారకుండా ఆపుటయే కష్టము. అమెరికాలో మాల్కమ్ లాగ్‌హెడ్ 1917లో ద్రవపు బ్రేకులకు పేటెంటు పొందినాడు. ఇతడు విమానములు నిర్మించిన అలన్‌కు సోదరుడు. వీరి ఇంటిపేరే తరువాత లాక్‌హీడ్ అయినది. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రములకు ఇట్టి బ్రేకులు అమర్చినారు. కాని అతని తొలి అమరికలలోని తోలు బిళ్ళల సందున ద్రవము కారేది. 1924 నాటి క్రైస్లర్ కారుకై ఇంజనీర్లు తోలు తీసివేసి రబ్బరు బిళ్ళలు పెట్టినారు. కారుట తగ్గినది.

అయితే రబ్బరుతో కొత్త చిక్కు వచ్చినది. భూమి నుండి తీసిన ఖనిజ తైలము సహజ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. నీరు పోద్దామంటే ఇనుము తుప్పు పడుతుంది, చలిదేశములలో గడ్డకడుతుంది. ఆముదము రబ్బరుకు హాని చేయదు, లోహములను జారుగా ఉంచుతుంది. కాని మరీ చిక్కన. దానిని పలుచన చేయుటకు ఆల్కహాలు కలిపినారు. ప్రొద్దుటూరు మిల్లులో ఆడిన వేరుసెనగ నూనె ఆల్కహాలులో కలియదు; ఆముదము కలుస్తుంది. ఆముదపు కొవ్వు ఆమ్లములలో సుమారు 90 శాతము రిసినోలిక్ ఆమ్లము. దాని అణువులో ఆల్కహాలులో ఉండేటటువంటి హైడ్రాక్సిల్ భాగము ఉన్నది. ఆ పోలికవల్లనే రెండింటికి పొత్తు కుదిరినది. పాఠశాల ప్రయోగశాలలో రెండు పరీక్షనాళికలతో ఈ భేదమును చూపవచ్చును.

ఈ మిశ్రమము చాలకాలము నడిచినది. ఆముదము సగము, బ్యూటైల్ ఆల్కహాలు సగము కలిపిన ద్రవమును సోవియట్ దేశములో దశాబ్దములపాటు వాడినారు. దాని లోపము మరుగు స్థానములో ఉన్నది. ఇథైల్ ఆల్కహాలు 78 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, బ్యూటైల్ ఆల్కహాలు సుమారు 117 డిగ్రీల వద్ద మరుగుతాయి. బ్రేకు పట్టినప్పుడు బండి వేగమంతా వేడిగా మారుతుంది. ఆ వేడికి ద్రవము మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవము అణగదు, ఆవిరి అణగుతుంది. పిడి చివరిదాకా వచ్చినా బండి ఆగదు.

అందువల్ల రెండవ ప్రపంచయుద్ధము తరువాత గ్లైకాల్ ఈథరులు ఆముదపు స్థానమును ఆక్రమించినవి. అమెరికా ప్రమాణముల ప్రకారము కొత్త డాట్ 3 ద్రవము 205 డిగ్రీలకు లోపల, డాట్ 4 ద్రవము 230 డిగ్రీలకు లోపల మరగరాదు. ఇంత మంచి ద్రవమునకు ఒక దుర్గుణము: గాలిలోని తేమను పీల్చుకొంటుంది. రబ్బరు గొట్టముల గుండా కూడ తేమ మెల్లగా చేరుతుంది. సుమారు 3.7 శాతము నీరు చేరిన స్థితికి ప్రమాణము డాట్ 3కి 140, డాట్ 4కు 155 డిగ్రీలు మాత్రమే. కడప ఎండలు పొడిగా ఉన్నంత మాత్రాన ఈ మార్పు ఆగదు.

1969 నాటి హోండా సి.బి. 750తో ద్రవపు డిస్కు బ్రేకు మోటారు సైకిళ్ళలో వ్యాపించినది. మన దేశములో 125 సి.సి.లకు పైబడిన కొత్త బండ్లన్నిటికి 1 ఏప్రిల్ 2019 నుండి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయినది. పులివెందుల చీనీ తోటలకు పోయివచ్చే బండిలో పాత ద్రవము ఏండ్ల తరబడి ఉన్నా లోపము బయటపడదు. బ్రేకు అంతగా వేడెక్కదు. అదే బండి గండికోట దిగినప్పుడు, లేదా కడప–రాయచోటి త్రోవలో గువ్వలచెరువు ఘాటు దిగినప్పుడు పరీక్ష వస్తుంది. అందుకే తయారీదారులలో చాలమంది, బండి ఎంత తిరిగినదని చూడక, రెండేండ్లకొకసారి ద్రవము మార్చమంటారు.

ఇంటివద్ద ఈ పని చేయుట అసాధ్యము కాదు. పిడివద్ద డబ్బా మూత చుట్టూ తుడిచి తెరవవలెను. చక్రమువద్ద ఉన్న చిన్న మరకు సన్నని గొట్టము తొడిగి, రెండవ కొస సీసాలో ఉంచవలెను. పిడి నొక్కి పట్టి మర వదులు చేస్తే పాత ద్రవము దిగుతుంది. మర బిగించిన తరువాతనే పిడి వదలవలెను. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది. మెకానిక్కులు ‘ఎయిర్ తీయుట’ అనే పని అప్పుడు అదనముగా వచ్చి పడుతుంది. గోధుమ రంగు పోయి తేటగా వచ్చేవరకు పైన కొత్త ద్రవము పోస్తూ ఉండవలెను, డబ్బా అడుగంటరాదు. రంగు మీద చుక్క పడితే వెంటనే నీటితో కడగవలెను, లేకున్న పెయింటు లేచిపోతుంది. ఎ.బి.ఎస్. పెట్టెలో గాలి చేరితే కొన్ని బండ్లకు ప్రత్యేక యంత్రము కావలసియుండును. ఆ పని షెడ్డులో చేయించుటయే మేలు.

కొన్ని పెద్ద బండ్లలో క్లచ్చి కూడ ద్రవముతోనే పనిచేస్తుంది. దానిని మార్చు పద్ధతి ఇదే. కాని కొన్ని క్లచ్చిలలో బ్రేకు ద్రవము కాక ఖనిజ తైలము ఉంటుంది. అక్కడి రబ్బరు ఆ తైలమునకు తగినట్లు చేసినది. దానిలో బ్రేకు ద్రవము పోసినా, బ్రేకులో ఆ తైలము పోసినా రబ్బరు బిళ్ళలు చెడతాయి. ఏది పోయవలెనో డబ్బా మూత మీదనే అచ్చువేసి ఉంటుంది.