పంపిన కాగితం ముట్టిందా?

సర్కారీ దఫ్తరులో పనిచేసిన మనందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. కాగితం పంపడం వేరు, అది ముట్టడం వేరు. ముట్టడం వేరు, జతపరచిన కాగితాలన్నిటితో పూర్తిగా ముట్టడం వేరు. ఇన్‌వర్డు రిజిస్టరు, ఔట్‌వర్డు రిజిస్టరు, టపాల్ పుస్తకంలో ముట్టినట్టు సంతకం, ఇవన్నీ అందుకే పుట్టాయి. 1985లో మండలాలు ఏర్పడ్డాక మా వేల్పూర్ నుంచి నిజామాబాదుకు పోయిన ప్రతి కట్టకూ ఇదే పద్ధతి.

1980ల చివర నిక్‌నెట్ ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలకు రాగానే ఇక టపాల్ బాధ తీరిందని చాలామంది అనుకున్నారు. గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన నాకు మాత్రం తంతి మీద పోయే కాగితానికి ముట్టినట్టు సంతకం ఎవరు చేస్తారా అనిపించేది. అమెరికాలో చదువుకున్న మా తమ్ముని కొడుకు అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పాడు. విన్నది, తర్వాత చదువుకున్నది కలిపి మిత్రుల ముందుంచుతున్నాను.

1978 ఫిబ్రవరి 16న షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ సూస్ అనే ఇద్దరు ఒక కంప్యూటరుకు టెలిఫోను తగిలించి మొదటి బులెటిన్ బోర్డు తెరిచారు. మన దఫ్తరు గోడ మీది నోటీసు బోర్డు లాంటిదే. కాకపోతే నంబరు కలిపి ఇంటి నుంచే చదువుకోవచ్చు. ఫైళ్లు పంపుకోవడానికి క్రిస్టెన్సెన్ అంతకు ముందు ఏడాదే, 1977లో, ఒక పద్ధతి తయారు చేశాడు. దాని పేరు ఎక్స్‌మోడెమ్.

ఆ పద్ధతి చూస్తే ఆయన మన దఫ్తరులోనే పనిచేశాడా అనిపిస్తుంది. కంప్యూటరుకు ప్రతి అక్షరమూ 0 నుంచి 255 లోపు ఒక అంకె. దాన్ని బైటు అంటారు. ఫైలును 128 బైట్ల కట్టలుగా కడతారు. ప్రతి కట్ట మీద వరుస సంఖ్య వేస్తారు. పొరపాటు పడకుండా 255లోంచి ఆ సంఖ్యను తీసివేసి, మిగిలిన అంకె కూడా పక్కనే వేస్తారు. చివర 128 అంకెల మొత్తం నుంచి తీసిన తాళా అంకె ఒకటి ఉంటుంది. అవతలివాడు తానూ కూడి చూసుకొని సరిపోతే ముట్టిందంటాడు, లేకుంటే మళ్లీ పంపమంటాడు. బోధన్ వైపు చెరకు బండి కాటా మీద తూగనిదే చీటీ రాదు కదా, ఇదీ అంతే.

టెలిఫోను తంతి మీద ఇది బాగానే నడిచింది. తంటా టెల్నెట్‌తో మొదలైంది. దూరపు కంప్యూటరు ముందు కూర్చున్నట్టే టైపు చేయడానికి పెట్టిన ఏర్పాటు టెల్నెట్. దాని నిబంధనలు 1983లో స్థిరపడ్డాయి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచాక, అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతాలు ఉండేవి. వాటి నుంచి టెల్నెట్‌తో విదేశీ బోర్డులకు వెళ్లవచ్చు. ఉత్తరాలు చక్కగా కనిపించేవి. ఫైలు దింపుకోబోతే మధ్యలో ఆగిపోయేది.

కారణం ఏమిటంటే, టెల్నెట్ సంచీ మోసే జవాను మాత్రమే కాదు, సంచీ విప్పి చదివే జవాను. 255 అంకె కనిపిస్తే అది తనకు వచ్చిన హుకుం అనుకుంటుంది. మామూలు ఉత్తరంలో 255 రాదు కనుక ఇబ్బంది లేదు. కుదించిన ఫైలులో సగటున 256 బైట్లకు ఒకసారి వస్తుంది. అలాగే 13 అనేది పంక్తి ముగింపు గుర్తు. దాని వెనక 10 లేకపోతే టెల్నెట్ తనంతట తానే ఒక సున్నా చేరుస్తుంది. అప్పుడు కట్టలో ఒక బైటు ఎక్కువవుతుంది, తాళా కుదరదు.

అందువల్ల ఫైలులో ఏ దోషమూ లేకున్నా, సరిగ్గా 13వ కట్ట దగ్గర పని నిలిచిపోవచ్చు. ఎందుకంటే ఆ కట్ట వరుస సంఖ్యే 13! ఎన్నిసార్లు మళ్లీ పంపినా అంతే. దోషం పట్టుకునే కీలకం ఇక్కడే ఉంది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే తంతిలో గరగర ఉన్నట్టు. ప్రతిసారీ ఒకే చోట ఆగితే మధ్యలో ఎవరో నిబంధన ప్రయోగిస్తున్నట్టు. ఫైలు ఎప్పుడూ ఒకే టేబులు నుంచి వాపసు వస్తుంటే మనమేం చేసేవాళ్లం? టపాల్ జవానును అడగకుండా ఆ టేబులు దగ్గరికే పోయేవాళ్లం.

మందు కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు మోయమని టెల్నెట్‌కు రెండు వైపులా చెప్పాలి. దీన్ని బైనరీ పద్ధతి అంటారు. అప్పుడు 13 జోలికి పోదు. 255 వస్తే రెండుసార్లు రాసి పంపుతుంది, అవతల ఒకటిగా తీసుకుంటారు. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ తయారు చేసిన జెడ్‌మోడెమ్ ఇంకో మేలు చేసింది. లైను తెగితే మొదటికి రాకుండా, ఆగిన చోటు నుంచే అందుకుంటుంది.

ఈ తంటా మన తెలుగుకూ తగిలింది. అప్పటి భారతీయ లిపి ప్రమాణం ఇస్కీలో తెలుగు అక్షరాలకు 128కి పైనున్న అంకెలు ఇచ్చారు. 127 వరకే మోసే లైన్లలో ఇంగ్లీషు క్షేమంగా చేరేది, తెలుగు మాత్రం పిచ్చి గీతలయ్యేది. అందుకే విదేశాల్లోని తెలుగువారు 1990లలో మన భాషను రోమను అక్షరాల్లో రాసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ అలా వాడుకలోకి వచ్చింది. తెలుగు చెడకుండా చేరాలని వేషం మార్చి పంపారన్నమాట.

ఇవన్నీ ఇప్పుడు పాత సంగతులే. కాని విషయం పాతబడలేదు. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్‌లో వేలిముద్ర వేయగానే మనకొక నంబరు వస్తుంది. సర్టిఫికెట్ తయారైందని మాత్రమే దాని అర్థం. పింఛను ఇచ్చే దఫ్తరు దాన్ని అంగీకరించిందో లేదో వేరుగా చూసుకోవాలి. ఆ ఒక్కటి చూసుకోకపోతే ఒక ముసలి ప్రాణానికి నెల గడవడం కష్టమవుతుంది. కనుక పెద్దలకు, ముఖ్యంగా వారి పిల్లలకు నా విజ్ఞప్తి: పంపామని ఊరుకోకండి, ముట్టినట్టు రాతపూర్వకంగా తీసుకొని ఆ నంబరు నోటుబుక్కులో రాసిపెట్టండి. అది మనకు కొత్త విద్య కాదు, జీవితమంతా చేసిన పనే.